ఒక మిల్లీమీటరు

ఇంకా నాలుగో నంబరే. మాది తొమ్మిది. గుమాస్తా తలుపు సగం తెరిచి, సగం మొహం బయటపెట్టి, "నాలుగు, నాలుగెవరండీ?" అని పిలిచి, ఆ నాలుగో నంబరువాళ్ళు కాగితాలు సర్దుకుని లేచేలోపే తలుపు వేసేసుకున్నాడు, పాపం వాళ్ళు మళ్ళీ తలుపు తట్టి లోపలికి పోవాల్సి వచ్చింది. ఈ వరండాలో బెంచీలన్నీ గోడకి ఆనించి వేశారు, ఎదురుగా కిటికీ, కిటికీ కింద బస్సు స్టాపు, అక్కడ నిలబడ్డవాళ్ళూ ఇక్కడ కూర్చున్న మేమూ ఒకే జాతి జనం. రవాణా కోర్సులో మొదటి వారమే చెబుతాను, బస్సులో కూర్చున్న నిమిషం ఒక నిమిషం, స్టాపులో నిలబడ్డ నిమిషం రెండు నిమిషాలు, లెక్కల్లో అలాగే వేసుకోవాలి, ఎదురుచూసే మనిషి మనసు అలాగే కొలుస్తుంది అని. "మీ క్లాసులో నిమిషం మూడు నిమిషాలు మేడమ్," అన్నాడు ఒక సంవత్సరం వెనక బెంచీవాడొకడు, మొహం చాలా బుద్ధిగా పెట్టి. క్లాసంతా గొల్లుమంది. వాడికి ఆ పేపర్లో మంచి మార్కులే వేశాను, నిజం చెప్పినవాడికి వెయ్యాలి కదా. నిజం చెప్పినవాడికి. సరే, ఆ సంగతి అక్కడ ఉండనీ.

నా పక్కన కూర్చున్న పిల్ల నా దగ్గర రెండో సంవత్సరం చదువుతోంది. ఒళ్ళో ఫైలు, ఫైలు మీద రెండు చేతులూ, ఫ్యాను గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు. ఆ పిల్లకి అవతల వాళ్ళ అమ్మమ్మ. ఆవిడది కుట్టుపని, కొలతల టేపు మెడలో వేసుకునే వచ్చేసింది, మనవరాలు చెవిలో చెబితే తీసి చుట్టచుట్టి సంచిలో పెట్టుకుంది. నన్ను చూసి రెండుసార్లు లేవబోతే నేను రెండుసార్లు కూర్చోబెట్టాను. "మా పిల్ల భోజనం చేస్తూ కూడా మీ మాటేనమ్మా, మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ అలా అన్నారు అని," అంది. నెల క్రితమైతే ఆ మాటకి పొంగిపోయేదాన్ని. లోపల అధికారి కొత్త మాస్టర్ ప్లాను మీద అభ్యంతరాలు వింటున్నారు, ఎవరి వీధి గోడు వాళ్ళు వెళ్ళబోసుకోవచ్చు. వీళ్ళది కాలవ గట్టు వీధి, పదకొండు ఇళ్ళ వరస. పాత ప్లానులో ఆ గట్టు వెంట ఒక రోడ్డు ప్రతిపాదించారు. ఇరవై ఆరేళ్ళయింది, రోడ్డు రాలేదు, రోడ్డు గీత మాత్రం పటం మీద ఉంది, అది ఈ ఇళ్ళ మీదుగా పోతోంది. గీత కింద ఉన్న ఇంటిని కూల్చరు, అలాగని ఒక గది కూడా కట్టుకోనివ్వరు, కొనేవాడు రాడు, వచ్చినా పటం చూసుకుని దణ్ణం పెట్టి పోతాడు. పటం మీద గీత ఎంత మందముంటే నేల మీద ఎంత వెడల్పవుతుందో అధికారికి అర్థమయ్యేలా చెప్పడానికి ఈ పిల్ల నన్ను నిపుణురాలిగా తీసుకొచ్చుకుంది. ఆ గీత గీసింది నేనేనని ఈ పిల్లకి తెలియదు.

అప్పుడు నాకు ముప్పై మూడు. పాఠాలు చెప్పే పనికింకా రాలేదు, ప్లానింగు ఆఫీసులో చేరి రెండేళ్ళు. మా ఆఫీసుకి కంప్యూటరు ఇంకా రాలేదు, పెద్ద బల్లల మీద ఫిల్ము అనే పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి ఇంకు పెన్నులతో చేత్తో గీసేవాళ్ళం, ఒక్కో మందం గీతకి ఒక్కో పెన్ను. ఒకటికి పదివేల పటం అది, అంటే పటం మీద మిల్లీమీటరు నేల మీద పది మీటర్లు. గట్టు రోడ్డు పది మీటర్లు వెయ్యాలనుకున్నారు కాబట్టి దానికి ఒక మిల్లీమీటరు పెన్ను. ఆ పెన్ను ఎండిపోయింది. కడిగాను, ఊపాను, చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను, లోపలి తీగ టక్కుటక్కుమనాలి, అనలేదు. పక్కనే రెండు మిల్లీమీటర్ల పెన్ను నిండుగా ఇంకుతో బుద్ధిగా కూర్చునుంది. మా పనిలో అందరూ చేసే కిటుకు ఒకటుంది, మందంగా గీసేసి, ఇంకు ఆరాక బ్లేడుతో గీకి సన్నం చెయ్యడం. తడిమీద గీకితే మరకవుతుంది, ఆరాక గీకితే ఆ కాస్త ఇంకూ అక్కడ ఎప్పుడూ లేనట్టే పోతుంది. కాలవ వైపు అంచుని స్కేలుకి ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క లాగుడులో గీశాను, చాలా అందంగా వచ్చింది, ఒక మిల్లీమీటరైతే ఇళ్ళకి తగిలేది కాదు, ఎక్కువైన మిల్లీమీటరంతా వాటి మీద పడింది. ఆరనీ, వచ్చి గీకుదాం అని భోజనానికి వెళ్ళాను. ఆ రోజు నా డబ్బా మూత పట్టేసింది. నేనూ పక్క బల్ల అమ్మాయీ చెరో పక్కా పట్టుకుని లాగితే ఊడి ఒకరి మీద ఒకరం పడ్డాం, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళొచ్చాయి, పది నిమిషాలు ఆలస్యం. తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ. "అచ్చుకి పంపించేశారమ్మా, బండి వచ్చింది," అన్నాడు అటెండరు. ఫోన్ చేసి ఆపాలి అనుకున్నాను, ఇంకో మూడు షీట్లు సాయంత్రంలోపు కావాలన్నారు, వాటిలో పడ్డాను, మర్చిపోయాను. ఇంతకంటే పెద్ద కారణమేదైనా ఉంటే బాగుండేదని చాలా ఏళ్ళు వెతుక్కున్నాను, దొరకలేదు.

"అయిదు!" తలుపు మళ్ళీ సగమే తెరుచుకుంది. అచ్చయి వచ్చిన పటం గోడకి తగిలించినప్పుడు చుట్టూ చేరి అందరూ రంగులు బాగున్నాయన్నారు, నాకు మాత్రం ఆ గీత తప్ప ఇంకేమీ కనపడలేదు, ఇంత పటంలో అదొక్కటే లావుగా, సిగ్గులేకుండా. చీఫ్ ప్లానరు దగ్గరికి వెళ్ళాను, ఆయన్ని మేమంతా పెద్దాయన అనేవాళ్ళం. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని విన్నారు. "రోడ్డు వేసేటప్పుడు ఎలాగూ నేల మీద కొలుస్తారు కదమ్మా, అప్పుడు సర్దుకుంటుందిలే," అన్నారు. మంచిమనిషి, నిజంగానే మంచిమనిషి, నన్ను ఒడ్డున పడెయ్యాలనే అన్నారు. నేనూ ఒడ్డున పడాలనే విన్నాను. రోడ్ల పట్టికలో ఆ రోడ్డు వెడల్పు దగ్గర అంకె లేదు, "పటంలో చూపిన విధంగా" అని ఉంది. పటంలో చూపింది నేను. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, పాత పటాన్ని అందులోకి ఎక్కించినవాళ్ళు నా గీత రెండంచుల వెంటా ఎంతో ఓపిగ్గా నడిచి, దాన్ని ఇరవై మీటర్ల రోడ్డుగా ఖాయం చేశారు. ఇప్పుడు కొత్త ప్లాను తయారుచేస్తున్న కంపెనీలో నా పాత శిష్యుడే ఉన్నాడు, ఆ గట్టు రోడ్డుకి ఇరవై మీటర్లు ఎందుకు కావాలో పద్దెనిమిది పేజీల నివేదిక రాశాడు, ఉదయం రద్దీ, సాయంత్రం రద్దీ, బస్సులకి ఒక వరస, సైకిళ్ళకి ఒక వరస, రెండు పక్కలా చెట్లు. చదువుతుంటే నాకే నిజమేనేమో అనిపించింది. నేను నేర్పిన పద్ధతిలోనే, నేను నేర్పినంత శ్రద్ధగా, వాడు నా మర్చిపోవడానికి కారణాలు కనిపెట్టాడు. ఫోన్ చేసి మెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు.

భూ వినియోగ చట్టం కోర్సులో ఏటా ఒక క్లాసు ఆ గీతదే. ఊరు పేరు చెప్పను, వీధి చెప్పను, పటం ముక్క తెర మీద చూపించి, "ఎవరో డ్రాఫ్ట్స్‌మన్ పెన్ను కడుక్కోవడానికి బద్ధకించాడు, పదకొండు ఇళ్ళు గాల్లో వేలాడాయి" అంటాను, పిల్లలు నవ్వుతారు, నవ్వు ఆగాక నేను గొంతు తగ్గించి, చెయ్యి వణికితే చట్టం కూడా వణుకుతుంది అని ఒక పెద్దమాట వదులుతాను. ఆ గొంతు తగ్గించడం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది. పంతొమ్మిదేళ్ళు చెప్పాను ఆ పాఠం. ఎవరో డ్రాఫ్ట్స్‌మన్ అట. బద్ధకించాడట. నెల క్రితం కూడా అలాగే చెబుతుంటే ముందు వరసలోంచి ఈ పిల్ల లేచి నిలబడింది. "మేడమ్, అది మా వీధి." "ఆ గీసినాయన ఎవరో మీకు తెలుసా మేడమ్? తెలిస్తే ఒక్కసారి మా ఇంటికి తీసుకెళ్ళాలని ఉంది. తిట్టడానిక్కాదు, మెట్లు చూపించడానికి." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా చేతులకి అంటిన సుద్ద దులుపుకున్నాను. మా గదుల్లో సుద్దముక్కలు పోయి పదేళ్ళయింది. "పాత సంగతి కదమ్మా, ఎవరో ఏమో," అన్నాను. అంత తేలిగ్గా వచ్చింది నోటికి.

మెట్ల సంగతి ఆ పిల్లే చెప్పింది, లెక్క అప్పజెప్పినట్టు, కంటతడి లేకుండా. కింద కుట్టుమిషన్ల గది, పైన కాపురం, స్నానాల గది పైనే. తాతయ్యకి కాళ్ళు పడిపోయాయి. అమ్మమ్మ మిషను దగ్గర ఉంటేనే ఇల్లు గడుస్తుంది, పగలంతా ఆయన్ని పైన ఒక్కణ్ణీ వదలలేక కిందే మంచం వేసింది. ఇంటి ముందు నాలుగు అడుగుల్లో చిన్న స్నానాల గది కట్టుకుంటామని దరఖాస్తు పెడితే, ప్రతిపాదిత రోడ్డు పరిధిలో ఉన్నందున తిరస్కరించడమైనది అని తిరిగొచ్చింది. మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ అదే ముక్క. తొమ్మిదేళ్ళపాటు రోజుకి రెండుసార్లు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పద్నాలుగు మెట్లూ మోశారు, ముందు అమ్మా అమ్మమ్మా, వెనక కుర్చీ కాలు పట్టుకుని ఈ పిల్ల, పదేళ్ళప్పటినుంచి. "అనుమతి లేకుండానే కట్టేసుకోవచ్చుగా, అందరూ కట్టట్లేదా?" అన్నాడు వెనక బెంచీలోంచి ఎవడో. "మా పక్కింటాయన అలాగే రెండంతస్తులు లేపాడు," అంది ఈ పిల్ల, "మా తాతయ్య ఒప్పుకోలేదు. పోస్టాఫీసులో చేశారు. కాగితం వద్దంటే వద్దనే అనేవారు." పంతొమ్మిదేళ్ళు చట్టం చెప్పి నేను గమనించని సంగతి అది, నా గీత పక్కింటాయన్నేమీ చెయ్యలేకపోయింది, కాగితానికి విలువిచ్చిన మనిషినే పట్టుకుంది. ఆ తాతయ్య పోయి రెండేళ్ళు. చట్టాన్ని ఎవరూ లెక్కచెయ్యని దేశం అని కాఫీ గదిలో మేం విసుక్కుంటూ ఉంటాం, లెక్కచేసినవాడికి ఇలా జరుగుతుంది.

ఆరు అయింది, ఏడు వెళ్ళారు. ఏడోవాళ్ళు గట్టిగట్టిగా మాట్లాడుకుంటున్నారు, గోడ గుండా వినపడుతోంది, ఎవరిదో పార్కు స్థలం. ఇప్పుడే లేచి, ఒంట్లో బాగాలేదమ్మా అని వెళ్ళిపోవచ్చు. కిందే స్టాపు, బస్సు కూడా వచ్చి ఆగింది. వెళ్ళకపోయినా ఇబ్బందేం లేదు, స్కేలు గురించి చెప్పి, నమస్కారం పెట్టి రావచ్చు, అబద్ధమాడినట్టు కూడా కాదు. కానీ ఆఫీసు తరఫు వకీలు ఏం అంటాడో ఈ పిల్ల ఫైల్లో కాగితమే చెబుతోంది: వెడల్పు ఉద్దేశపూర్వకంగా నిర్ణయించినదే, పొరపాటని ఎవరైనా రుజువు చేస్తే తప్ప మార్చేది లేదు. రుజువు ఎక్కడుంది? ఫిల్ములు ఎప్పుడో తగలబెట్టారు. పోయిన ఆదివారం పెద్దాయనకి ఫోన్ చేశాను, ఎనభై దాటాయి. "గీతా? ఏ గీతమ్మా?" అన్నారు. కాలవ గట్టు అన్నాను, రెండు మిల్లీమీటర్ల పెన్ను అన్నాను. "నాకేం గుర్తురావడం లేదు తల్లీ. నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నారు. దొంగకి తేలు కుట్టినట్టయింది నాకు, గట్టిగా అనడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు. మా ఆయన అన్నీ విని, "ఇంకో పది నెలల్లో రిటైరవుతున్నావు, మానిపోయిన పుండు ఇప్పుడు కెలుక్కోవడం ఎందుకు?" అన్నాడు, నా మీద ప్రేమతోనే. మానింది నాకు. ఆ మాట ఆయనతో అనలేదు, గిన్నెలు కడుగుతున్నదాన్ని కాస్త గట్టిగా కడిగాను. నేను భయపడుతున్నది ఉద్యోగానికి కాదు, పరువుకి కూడా అంతగా కాదు, డిపార్టుమెంటులో నాలుగు రోజులు గుసగుసలాడుకుని కొత్త టైంటేబుల్ గొడవలో పడిపోతారు. భయం ఈ పక్కన కూర్చున్న పిల్లంటే. ఇరవై ఏళ్ళ పిల్ల. ఇప్పుడు కూడా నా వైపు వంగి, "మేడమ్, మంచినీళ్ళు తెమ్మంటారా?" అంది. వద్దమ్మా అన్నాను. నిజానికి దాహంగానే ఉంది. ఈ పిల్ల చేతి నీళ్ళు తాగి లోపలికి వెళ్ళలేను.

ఎనిమిది రెండు నిమిషాల్లో అయిపోయింది, ఎనిమిదోవాళ్ళు రాలేదు. తొమ్మిది.

గది చిన్నది, మేం ముగ్గురం కూర్చున్నాక అమ్మమ్మ పక్కన ఒక కుర్చీ మిగిలింది. అధికారి నాకంటే చాలా చిన్నవాడు, మర్యాదగా లేచి నిలబడ్డాడు. "కూర్చోండి మేడమ్, మీ పుస్తకం చదివే పరీక్ష రాశాను," అన్నాడు. ఒక పక్క వకీలు, ఒక పక్క టైపు చేసే అమ్మాయి. ఈ పిల్ల తన వీధి సంగతి చాలా బాగా చెప్పింది, పొల్లుమాట లేదు, నేను నేర్పినదానికంటే బాగా చెప్పింది. ఆ తర్వాత నేను పటం పరిచి, మిల్లీమీటరంటే ఎంతో, ఈ గీత రెండు మిల్లీమీటర్లు ఎందుకుండకూడదో, చుట్టుపక్కల అలాంటి రోడ్లన్నీ ఒక మిల్లీమీటరే ఎలా ఉన్నాయో చెప్పాను. గొంతు క్లాసులో పలికినట్టే పలికింది. వకీలు నవ్వుతూనే విన్నాడు. "మేడంగారి మీద మాకు గౌరవం ఉందండీ. కానీ ఇది పొరపాటు అన్నది వారి అభిప్రాయం. గీసినవాళ్ళు కావాలనే గీశారని మేమంటున్నాం. కాదని వారెలా చెప్పగలరు?"

అధికారి నా వైపు తిరిగాడు. "అభిప్రాయమేనా మేడమ్?"

"కాదండీ. ఆ గీత గీసింది నేను."

నేను పెన్ను సంగతి చెప్పాను, బ్లేడు సంగతి చెప్పాను, డబ్బా మూత సంగతి కూడా చెప్పాను, అది అక్కర్లేదని తెలిసినా చెప్పాను. పెద్దాయన మాట చెప్పలేదు, దాన్ని ఆయన మీదికి తోసి సగం తేలికపడాలని లేదు. ఈ పిల్ల వైపు చూడలేకపోయాను. పక్కన ఫైలు నేలమీద పడిన చప్పుడు, కాగితాలు ఏరుకుంటున్న చప్పుడు వినపడ్డాయి, వంగి సాయం చెయ్యడానికి నా చేతులు రాలేదు. అధికారి టైపు అమ్మాయికి మెల్లగా చెప్పి రాయించాడు, నన్ను చదువుకోమన్నాడు, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. "ఇది చాలు. గీత సరిచెయ్యమని రాస్తాను," అన్నాడు. వకీలు కాగితాలు సర్దుకున్నాడు. పదకొండు ఇళ్ళు, ఇరవై ఆరేళ్ళు, అయిదు నిమిషాల్లో అయిపోయింది. నేను హాయిగా ఏడ్చేసేదాన్నే, అప్పుడు ఆ అమ్మమ్మ లేచింది.

"టీచరమ్మగారూ, నాకు తెలియక అడుగుతున్నా." కోపం లేదు గొంతులో, కొలత తప్పిందేమోనని మళ్ళీ అడిగినట్టుంది. "అప్పుడే చెప్పుంటే ఏం చెయ్యాల్సొచ్చేదండీ? చాలా పెద్ద పనా అది?"

ఆవిడకి ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. పెద్ద పనేనమ్మా, కోర్టులూ, కమిటీలూ, ఏళ్ళు పట్టేది అని. ఆవిడ నమ్మేది. ఈ పిల్ల మాత్రం నమ్మదు, చట్టంలో దిద్దుబాట్ల సెక్షను ఈ పిల్ల చేత నేనే కంఠతా పట్టించాను.

"ప్లాను అచ్చయిన ముప్పై రోజుల్లోపు అయితే ఆఫీసే దిద్దుకోవచ్చండీ," అన్నాను. "పొరపాటు జరిగిందని ఒక కాగితం రాసి, పైన సంతకం పెట్టిస్తే చాలు."

"మీకెప్పుడు తెలిసిందమ్మా?"

"ఆరో రోజు."

ఆవిడ తల ఊపింది. మెల్లగా కూర్చుంది. మనవరాలు భుజం మీద చెయ్యి వేసినా అటు చూడలేదు, నా వైపూ చూడలేదు, ఎడమ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు కాస్త వంగి, గొంతు తగ్గించి అంది.

"విన్నారా అండీ? ఒక్క కాగితమట."